మోచెయ్యి 95 దగ్గర ఆగిపోయింది: దెబ్బ తర్వాత బిగిసిన కీళ్ల మీద పరిశోధన ఎక్కడ, ఎలా చదవాలి?

ఆటోనగర్_శ్రీను
అందరికీ నమస్కారం. విశాఖలో కూర్మన్నపాలెం దగ్గర బండి మీంచి పడ్డాను. కుడి మోచెయ్యి కీలు తప్పింది, ముంజేతిలోని రేడియస్ ఎముక తల (మోచేతి వైపు కొస) విరిగింది. ఆపరేషన్ చేసి చిన్న ప్లేటు, స్క్రూలు వేశారు. ఇప్పుడు నాలుగో నెల. చెయ్యి పూర్తిగా చాపితే సున్నా అనుకుంటే నాకు 40 దగ్గర ఆగిపోతోంది. మడిస్తే 95. ఆ మధ్యలోనే ఆడుతోంది.

95 అంటే ఏమిటో తెలియనివాళ్లకి చెప్తాను. ముద్ద కలుపుతాను, ఎత్తుతాను, గెడ్డానికి జానెడు దూరంలో చెయ్యి ఆగిపోతుంది. మిగతా దూరం తల వంచి నేనే వెళ్లాలి. పప్పన్నం అయితే పర్లేదు, చారన్నం అయితే చొక్కా మీదే. ఇప్పుడు పొడుగు కాడ చెంచాతో తింటున్నాను.

యూట్యూబ్‌లో ఒకాయన ఏడ్చినా సరే గట్టిగా వంచమంటాడు. ఇంకొకాయన వంచితే ఎముక పెరుగుతుందంటాడు. ఇద్దరికీ లక్షల్లో వ్యూస్. నేను మెకానికల్ డిప్లొమా చేశాను, లేత్ మీద పని. గ్రాఫు, పట్టిక ఇస్తే అర్థం చేసుకోగలను. వైద్య సలహా అడగడం లేదు, నాకు డాక్టర్ ఉన్నారు. దీని మీద జరిగిన అసలు పరిశోధనలో ఏముందో చదవాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

హార్బర్_కుర్రోడు
ఫాలో అవుతున్నాను అన్నా. మా అయ్యకి భుజం ఇలాగే బిగిసిపోయింది. చొక్కా తొడుక్కోడానికి కూడా మా అమ్మ ఉండాలి.

మధురవాడ_ఫిజియో
శ్రీను గారూ, పేపర్లు తెరిచే ముందు మీ దగ్గరున్న అంకె ఏ రకందో తేల్చుకోండి. 95 అన్నది మీరు మీ కండతో మడిచిందా, రెండో చేత్తో నెట్టిందా? పరిశోధనలో ఈ రెంటినీ యాక్టివ్, పాసివ్ అని వేరువేరుగా కొలుస్తారు. రెంటికీ తేడా ఎక్కువుంటే కండ బలహీనతో, నొప్పో, భయమో అనుకోవాలి. రెండూ ఒకచోటే ఆగితే కీలులోనో, దాని చుట్టూనో ఏదో అడ్డం ఉన్నట్టు.

ఇంకోటి, ఎలా ఆగుతోందన్నది. గోడకి తగిలినట్టు ఠక్కున ఆగుతోందా, సాగుతూ సాగుతూ నెమ్మదిగా ఆగుతోందా? మేం దీన్ని ఎండ్ ఫీల్ అంటాం. ఠక్కున ఆగితే ఎముక అడ్డం ఉందేమో అని అనుమానిస్తాం. సాగి ఆగితే గుళిక, అంటే కీలు చుట్టూ ఉండే క్యాప్సూల్ పొర, బిగిసిందనుకుంటాం. చేత్తో పట్టుకుంటే తెలిసేది ఇంతవరకే. ఖాయం చేసేది ఎక్స్‌రే, సీటీ.

ఆటోనగర్_శ్రీను
రెండూ ఒకచోటే మేడం. నెడితే 98 దాకా వస్తుందేమో. నెమ్మదిగానే ఆగుతోంది. పోయిన వారం 92, ఈ వారం 95. మూడు డిగ్రీలు పెరిగిందని ఇంట్లో సంబరం.

మధురవాడ_ఫిజియో
సంబరం కొంచెం ఆపండి. మేం వాడే రెండు బద్దల కోణమాపకం గోనియోమీటర్‌తో ఒకే చేతిని ఇద్దరు కొలిస్తే, కొన్నిసార్లు ఒకే మనిషి రెండుసార్లు కొలిచినా, 5 డిగ్రీల దాకా తేడా వస్తుంది. 92 నుంచి 95 అంటే మెరుగై ఉండొచ్చు, కొలతలో తేడా అయినా కావచ్చు. ఎప్పుడూ ఒకే మనిషి, ఒకే వేళప్పుడు, వ్యాయామానికి ముందే కొలవాలి. ఉదయం లేవగానే ఒక అంకె, వేడి కాపడం పెట్టాక ఇంకో అంకె వస్తాయి. రెంటినీ ఒకే గీత మీద పెడితే గ్రాఫు మిమ్మల్నే మోసం చేస్తుంది.

ఆటోనగర్_శ్రీను
వెర్నియర్ మీద 0.02 మిల్లీమీటర్లు చూసేవాడికి 5 డిగ్రీలు తప్పంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి 😀 సరే, రోజువారీ అంకెలు ఆపేస్తాను. రెండు వారాలకోసారి, మీరు చెప్పిన పద్ధతిలో.

ఎముకల_పీజీ
ఆర్థో పీజీ చేస్తున్నాను, డ్యూటీ మధ్యలో రాస్తున్నాను. తప్పులుంటే సీనియర్లు సరిచేయండి.

బిగువుని మా పుస్తకాలు రెండుగా విడదీస్తాయి. కీలు లోపలి కారణాలు: ఎముక ఉపరితలం సరిగ్గా అతకకపోవడం, మృదులాస్థి, అంటే ఎముక కొసల మీద ఉండే నున్నటి పొర, దెబ్బతినడం, లోపలి పొరలు ఒకదానికొకటి అతుక్కుపోవడం. కీలు బయటి కారణాలు: క్యాప్సూల్ దళసరెక్కడం, కండ కురచబడటం, కండలోనో క్యాప్సూల్‌లోనో కొత్త ఎముక పుట్టడం, పైన చర్మం కాలి ముడుచుకోవడం. చాలామందికి రెండూ కలిసే ఉంటాయి. శ్రీను గారు చదవబోయే ప్రతి పేపర్‌లోనూ చూడాల్సింది, వాళ్లు తీసుకున్న రోగులు వీటిలో ఏ రకం అన్నది. చాలామంది దీన్ని దాటేసి నేరుగా ఫలితం చదువుతారు.

మోచెయ్యే ఎందుకు ఇంత తొందరగా బిగుస్తుందంటే, ఒకే సంచిలో మూడు కీళ్లున్నాయి, దెబ్బ తగిలితే మూడూ కలిసి స్పందిస్తాయి. పైగా కీలులో రక్తం, నీరు చేరినప్పుడు సుమారు 70-80 డిగ్రీల మడతలో క్యాప్సూల్‌కి ఎక్కువ చోటు ఉంటుంది, నొప్పి తగ్గుతుంది. అందుకే దెబ్బ తగిలినవాళ్లంతా తెలియకుండానే చేతిని ఆ కోణంలో పట్టుకుంటారు. స్లింగ్ వేసేదీ దాదాపు అదే కోణంలో. క్యాప్సూల్ కూడా అక్కడే మందమెక్కుతుంది.

పౌరగ్రంథాలయం_పురుగు
వెతకడం ఎలాగో నేను చెప్తాను, నా ఉద్యోగమే అది.

పబ్‌మెడ్ అంటే వైద్య పరిశోధన పేపర్లు వెతికే సైటు, ఉచితం. తెలుగులో వెతికితే ఏమీ రాదు, ఇంగ్లీషులో 'ఎల్బో స్టిఫ్‌నెస్' అని కొడితే అన్నీ కలిసి వచ్చేస్తాయి. 'పోస్ట్ ట్రామాటిక్ ఎల్బో కాంట్రాక్చర్' అని కొట్టండి. మోకాలికైతే 'ఆర్థ్రోఫైబ్రోసిస్' అనే మాట ఎక్కువ వాడతారు. ఎడం పక్కన రకాన్ని బట్టి వడపోసే గళ్లుంటాయి. ముందు 'సిస్టమాటిక్ రివ్యూ' (ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసే సమీక్ష) టిక్ పెట్టండి, తర్వాత 'రాండమైజ్డ్ ట్రయల్' (రోగుల్ని చీటీ తీసినట్టు గుంపులుగా విడదీసి చికిత్సలు పోల్చేది). ఒక్కడి కేసు గురించి రాసినవి చివర్లో చూసుకోవచ్చు. పూర్తి పాఠం ఉచితంగా కావాలంటే పబ్‌మెడ్ సెంట్రల్.

మన దేశంలో ఏ ట్రయల్ నడుస్తోందో తెలియాలంటే సీటీఆర్‌ఐ, అంటే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ, ఇండియా. 2007లో మొదలైంది, 2009 జూన్ నుంచి ట్రయల్ నమోదు తప్పనిసరి. అందులో 'ఎల్బో' అని వెతికితే ఏ కాలేజీ, ఎంతమంది, ఏం కొలవబోతున్నారు అన్నీ వస్తాయి. నమోదులో ఒకటి కొలుస్తామని, పేపర్‌లో ఇంకోటి చూపించే ఘనులు కూడా ఉన్నారు. రెండూ పక్కపక్కన పెట్టి చూడటం నాకు పెద్ద కాలక్షేపం.

ఆంధ్ర మెడికల్ కాలేజీలో తెలిసినవాళ్లుంటే పాత పీజీ థీసిస్‌లు అడిగి చూడండి. 1923 నాటి కాలేజీ. మన కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆస్పత్రికి) వచ్చే రోగుల గురించి బోస్టన్ పేపర్ల కంటే అవే ఎక్కువ చెప్తాయి.

ఆటోనగర్_శ్రీను
రాత్రి రెండింటిదాకా కూర్చున్నాను. 1981 నాటి పేపర్ ఒకటి అందరూ ఎత్తి చూపిస్తున్నారు, మేయో క్లినిక్ నుంచి మోరే బృందం రాసింది. రోజువారీ పనులు చాలావాటికి మోచెయ్యి 30 నుంచి 130 దాకా ఆడితే చాలట. అరచెయ్యి కిందికి 50, పైకి 50 తిరగాలట. ఆ లెక్కన నాకు చాపడంలో 10 తక్కువ, మడవడంలో 35 తక్కువ. అంటే నా గొడవంతా మడతలోనే ఉంది. ఇన్నాళ్లూ చెయ్యి నిటారుగా రావట్లేదని అద్దం ముందు నిలబడి బాధపడ్డాను.

ఎముకల_పీజీ
సరిగ్గా పట్టుకున్నారు. చూసేవాళ్లకి చాపలేకపోవడం కనిపిస్తుంది, మనిషికి ఇబ్బంది మడవలేకపోవడంతో. కొంచెం వంగిన చేతితో సంచి మోయొచ్చు, బండి నడపొచ్చు. మడత లేకపోతే తిండి, గెడ్డం గీసుకోవడం, చొక్కా పై బొత్తాం అన్నీ పోతాయి. ఫోను చెవికి పెట్టుకోవాలంటే 130 కూడా చాలదు. ఆ పేపర్ నాటికి చేతిలో సెల్లు లేదు. 2011లో కొత్త పనులతో మళ్లీ కొలిచినప్పుడు ఈ తేడా బయటపడింది.

అరచెయ్యి పైకి తిరగడం కూడా చూసుకోండి. రేడియస్ తల విరిగినవాళ్లకి మొదట తగ్గేది అదే కావచ్చు. గుళ్లో తీర్థం పట్టగలుగుతున్నారా?

ఆటోనగర్_శ్రీను
పడతాను కానీ భుజం లోపలికి తెచ్చి పట్టాలి. సగం కారిపోతుంది. పూజారి గారు రెండోసారి పోస్తున్నారు పాపం.

పెందుర్తి_మాస్టారు
ఇక్కడ నాదో అభ్యంతరం. మోకాలి చిప్ప విరిగి ఇప్పుడు 110 దగ్గర ఉన్నాను. ఫైలు మీద 'ఫంక్షనల్ రేంజ్ అచీవ్డ్' అని రాసి పంపేశారు. ఎవరి ఫంక్షను? నడకకి 60-70 చాలు, మెట్లకి 80-90, కుర్చీలోంచి లేవడానికి వంద లోపు. ఈ అంకెలన్నీ కుర్చీ మీద బతికేవాళ్ల మీద కొలిచినవి. మా ఇంట్లో మరుగుదొడ్డి నేల మీదది. నేను బాసింపట్టు వేసుకుని తింటాను, పీట మీద కూర్చుని పూజ చేస్తాను. మా అమ్మాయి వెతికి ఇచ్చింది, 2006లో మన భారతీయుల మీదే కొలిచిన అధ్యయనం. గొంతుక్కూర్చుంటే మోకాలు 150 దాటి మడుస్తుందట. నాకు ఇంకా 40 డిగ్రీల బాకీ ఉన్నట్టే కదా.

మధురవాడ_ఫిజియో
మాస్టారూ, నూటికి నూరు పాళ్లు నిజం. అందుకే మొదటి రోజే నేను అడిగేది 'ఏం చెయ్యలేకపోతున్నారు' అని. చాలామంది 'కాలు వంగట్లేదు' అంటారు. 'పీట మీద కూర్చోలేకపోతున్నాను' అంటే నాకు ఎక్కువ అర్థమవుతుంది. అయితే చిప్ప విరిగిన మోకాలిని 150 దాకా మడవడం అందరికీ మంచిది కాదు, మృదులాస్థి ఎలా ఉందో చూడాలి. కొందరికి మరుగుదొడ్డి మార్చుకోవడమే తెలివైన పని. ఆ మాట చెప్తే కోప్పడతారు.

పెందుర్తి_మాస్టారు
కోపం లేదమ్మా. కమోడ్ పెట్టించాను. పూజ దగ్గర మాత్రం ఇంకా పంతం. ఇంకో ప్రశ్న: ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్లు. 110తో నడవొచ్చా?

మధురవాడ_ఫిజియో
కోణం సరిపోతుంది. సరిపోనిది తొడ కండ బలం, ఓపిక. వాపు రాకుండా ఎంత దూరం నడవగలరో ముందు నెల నుంచి పెంచుకుంటూ రండి. తొలిపావంచా దగ్గర మొదలుపెట్టి హనుమంతవాక దాకా వచ్చి ఆపేసినా స్వామి ఏమీ అనుకోడు.

కీళ్ల_నేస్తం_1
బిగిసిన కీళ్లకు మా తాతల నాటి తైలం. వారంలో పూర్తి మడత. [నంబరు తొలగించబడింది]

మోడరేటర్
అమ్మకాల పోస్టు, నంబరు తీసేశాను. సభ్యుడికి హెచ్చరిక. చర్చ కొనసాగించండి.

ఎంవీపీ_లలిత
తైలం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. మా అక్క కొడుకుకి పదేళ్లప్పుడు మోచెయ్యి పైన ఎముక విరిగితే పిండికట్టు విప్పగానే మా అత్తయ్య ఎవరో మర్దన చేసేవాడి దగ్గరికి తీసుకెళ్లింది. వాడు నూనె రాసి, మోకాలు అడ్డంపెట్టి చెయ్యి వంచేవాడు. పిల్లాడి అరుపులకి వీధంతా వచ్చేది. మొదట కొంచెం వంగినట్టే అనిపించింది, తర్వాత మోచెయ్యి ముందు గట్టి ముద్దలా వచ్చి అస్సలు కదలడం మానేసింది. ఎక్స్‌రేలో అక్కడ కొత్త ఎముక. ఇప్పుడు వాడికి ముప్ఫై, ఆ చేత్తో జుట్టు దువ్వుకోలేడు.

ఎముకల_పీజీ
లలిత గారూ, దీన్నే మయోసైటిస్ ఆసిఫికన్స్ అంటారు. మన దేశపు ఆర్థో పుస్తకాలన్నీ పిల్లల మోచేతికి మర్దన వద్దని మొత్తుకునేది ఇందుకే. పరిశోధన వైపు నుంచి చెప్పాలంటే, 1980లో మిషెల్సన్ అనే ఆయన కుందేళ్ల కాలిని కదలకుండా కట్టి, రోజూ కట్టు విప్పి బలవంతంగా కదిపి, మళ్లీ కట్టేవాడు. తొడ కండలో ఎముక పుట్టింది. తర్వాత ఈ కొత్త ఎముక మీద జరిగిన ప్రయోగాలకి ఇదీ ఒక నమూనా అయింది.

అయితే మనుషుల్లో 'ఇంత బలం పెడితే ఇంత ఎముక' అని తేల్చిన ట్రయల్ లేదు, ఉండటానికి వీల్లేదు కూడా. తలకి దెబ్బ తగిలినవాళ్లకి, కాలినవాళ్లకి, కీలు తప్పి ఎముక కూడా విరిగినవాళ్లకి మర్దన లేకపోయినా ఎముక పుడుతుంది. శ్రీను గారు ఆ మూడో గుంపులోనే ఉన్నారు. కాబట్టి కొత్త ఎక్స్‌రే తీయించారా అన్నది మొదటి ప్రశ్న.

ఈ కొత్త ఎముక పుట్టకుండా ఆపడానికి రేడియేషన్ ఇచ్చి చూసిన ట్రయల్ ఒకటుంది, మోచెయ్యి విరిగినవాళ్ల మీదే. విరిగిన ఎముకలు అతుక్కోవడం మానేస్తున్నాయని మధ్యలోనే ఆపేశారు. 2010లో అచ్చయింది. యూట్యూబ్‌లో ఎవరైనా 'ఒక్క డోస్ రేడియేషన్ చాలు' అంటే ఇది గుర్తుంచుకోండి.

ఆటోనగర్_శ్రీను
ఎక్స్‌రే రెండు నెలల నాటిది ఉంది. కొత్తది అడుగుతాను.

ఇంకోటి. దానంతటదే చెయ్యి మడిచి చాపే మిషను అద్దెకి ఇస్తామని ఒకాయన ఇంటికొచ్చాడు. అద్దె వింటే గుండె ఝల్లుమంది. దీని మీద ఏమైనా ఉందా?

పౌరగ్రంథాలయం_పురుగు
సీపీఎం (కంటిన్యువస్ పాసివ్ మోషన్) అంటారు దాన్ని. 1970లలో టొరంటోలో సాల్టర్ అనే సర్జన్ కుందేళ్ల మోకాళ్ల మీద మొదలుపెట్టాడు. కీలుని ఆపకుండా నెమ్మదిగా ఆడిస్తే మృదులాస్థి బాగా నయమవుతుందని చూపించాడు. పెద్ద ఆలోచనే. అంతకుముందు అందరూ కట్టు కట్టి పడుకోబెట్టేవాళ్లు.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి, మోకాలు మార్పిడి చేయించుకున్నవాళ్ల మీద 24 ట్రయల్స్ కలిపి కాక్రేన్ వాళ్లు (వైద్య ట్రయల్స్‌ని కలిపి సమీక్షించే సంస్థ) 2014లో లెక్కగడితే మోకాలి మడతలో తేడా సుమారు 2 డిగ్రీలు. పైన ఫిజియో గారు కొలతలో తప్పే 5 అన్నారు. ఇక అద్దె సంగతి మీరే ఆలోచించుకోండి.

మధురవాడ_ఫిజియో
అది కొత్త మోకాలి లెక్క. దెబ్బ తగిలిన మోచేతికి అదే వర్తిస్తుందని ఎలా అంటారు? మోచెయ్యి విడిపించే ఆపరేషన్ తర్వాత సీపీఎం వాడే సర్జన్లు ఇప్పటికీ ఉన్నారు.

పౌరగ్రంథాలయం_పురుగు
వర్తిస్తుందని అనలేదు మేడం. మోచేతికి అంత పెద్ద లెక్క లేదు కాబట్టి, అద్దె అడిగేవాడే రుజువు చూపించాలి అంటున్నాను. సరే, మీకు నచ్చనిది ఇంకోటి ఉంది. సాగదీయడం మీద 2017 కాక్రేన్ సమీక్ష: 49 అధ్యయనాలు, 2135 మంది. పక్షవాతం లాంటివి ఉన్నవాళ్లలోనూ, లేనివాళ్లలోనూ, 7 నెలల లోపు చేసిన సాగదీతతో కీలు కదలికలో చెప్పుకోదగ్గ మేలు లేదని తేల్చారు. చీలమండ విరిగి కట్టు విప్పినవాళ్లు 150 మంది మీద 2005లో చేసిన ట్రయల్‌లో కూడా, వ్యాయామానికి సాగదీత కలిపితే అదనంగా ఒరిగిందేమీ లేదు.

మధురవాడ_ఫిజియో
తెలుసు. ఆ సమీక్ష వచ్చినప్పుడు మా డిపార్ట్‌మెంట్‌లో రెండు రోజులు గొడవ. కానీ సరిగ్గా చదవండి. వాళ్లు పోల్చింది ఎక్కువగా 'మామూలు చికిత్స ఒక్కటే' ఒక పక్క, 'మామూలు చికిత్సకి సాగదీత కలిపి' ఇంకో పక్క. చీలమండ ట్రయల్‌లో రెండు పక్షాలూ వ్యాయామం చేశాయి. అంటే ఆ రోగులు తమ కండతో తాము కదుపుకోవడంలోనే చాలావరకు మేలు జరిగిపోయిందని కదా అర్థం. దాన్ని 'ఫిజియో దండగ' అని చదివితే నాకు ఒళ్లు మండుతుంది.

నా రోజువారీ అనుభవం కూడా అదే. నా దగ్గర అరగంట వంచించుకుని ఇంటికెళ్లి చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడికంటే, గంటకోసారి తనే మడిచి చాపి, ఆ చేత్తోనే బట్టలు ఆరేసి, కూరగాయలు తరిగేవాడు ముందుకెళ్తాడు. ఒకసారి రుబ్బురోలు దగ్గర కూర్చున్న అమ్మమ్మ నా గోనియోమీటర్‌కి సిగ్గు తెప్పించింది.

పౌరగ్రంథాలయం_పురుగు
ఒప్పుకున్నాను. మీరు చెప్పిన చదువే సరైనది.

ఆటోనగర్_శ్రీను
మీరిద్దరూ ఇలాగే రోజూ పోట్లాడుకోవాలి, నాకు బోలెడు చదువు వస్తోంది.

కుందేళ్ల పేపర్లు చదువుతూ ఒకచోట ఆగాను. కాల్గరీ నుంచి హిల్డెబ్రాండ్ బృందం. బిగిసిన క్యాప్సూల్‌లో మయోఫైబ్రోబ్లాస్ట్ అనే కణాలు పెరిగిపోతాయట, అవి కండలా ముడుచుకుంటాయి. వాటిని రెచ్చగొట్టేది మాస్ట్ కణాలు, ఎలర్జీలో పనిచేసేవే. ఆస్తమాకి వాడే కీటోటిఫెన్ ఇస్తే కుందేళ్లలో బిగువు దాదాపు సగం తగ్గింది. అది మన మందుల షాపుల్లో దొరికే మాత్రే కదా!

ఎముకల_పీజీ
కొనకండి! ముందు రెండో సగం చదవండి. అదే బృందం మనుషుల మీద ట్రయల్ చేసింది, మోచెయ్యి విరిగినవాళ్ల మీదే, కొందరికి కీటోటిఫెన్, కొందరికి మందు లేని ఉత్త మాత్ర. 2020లో ఫలితం వచ్చింది. మందు ప్రమాదం కాదని తేలింది. ఎముక అతకడాన్ని చెడగొట్టలేదు. కానీ మోచెయ్యి కదలికలో రెండు గుంపులకీ గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆపరేషన్ అయినవాళ్లలో మేలు ఉండొచ్చన్న సూచన మీద ముందుకు వెళ్లాలనుకున్నారు. పైగా అది దెబ్బ తగిలిన కొత్తలో మొదలుపెట్టిన మందు. నాలుగో నెలలో మింగితే ఏమవుతుందన్నది ఆ ట్రయల్ అడిగిన ప్రశ్నే కాదు.

కాలం గురించి ఎలుకల లెక్క కూడా ఒకటుంది. 2000లో ట్రూడెల్, ఉత్హాఫ్ ఎలుకల మోకాళ్లని 2 వారాల నుంచి 32 వారాల దాకా కదలకుండా ఉంచారు. మొదట్లో బిగువులో ఎక్కువ భాగం కండది. వారాలు గడిచేకొద్దీ కండ వాటా తగ్గి, కీలు నిర్మాణాల వాటా పెరుగుతూ పోయింది. మొదటి నెలలో వ్యాయామానికి లొంగింది ఆరో నెలలో ఎందుకు లొంగదో కొంత ఇక్కడ తెలుస్తుంది. ఎలుక వారం, మనిషి వారం ఒకటి కావని మళ్లీ చెప్పక్కర్లేదు.

హార్బర్_కుర్రోడు
అన్నా ఇందాకట్నుంచి మోచెయ్యి, మోకాలే. మా అయ్య సంగతేటి? బోటు డెక్ మీద జారి పడ్డాడు, ఎముక విరగలేదన్నారు, జోలె వేశారు. జోలె తీసేక భుజం లేవట్లేదు. సుగరు కూడా ఉంది. జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది, ఈలోగా బాగవ్వాలని ఆయన ఆత్రం. నెట్లో చూస్తే భుజానికి పెద్ద ట్రయల్ ఒకటుంది, 503 మంది, బ్రిటన్. ఆపరేషన్, మత్తులో వంచడం, ఇంజెక్షనుతో ఫిజియో, మూడూ ఒకటేనన్నారు. మరైతే ఆపరేషన్ ఎందుకు?

ఎముకల_పీజీ
తమ్ముడూ, మంచి ట్రయల్ పట్టావు. లాన్సెట్ వైద్య పత్రిక, 2020. కానీ అందులో ఎవరిని తీసుకోలేదో చదివావా? ఆస్పత్రి దాకా వచ్చే పెద్ద దెబ్బ వల్ల బిగిసిన భుజాలని పక్కన పెట్టారు. వాళ్లు తీసుకున్నది చాలావరకు తనంతట తాను బిగిసే ఫ్రోజెన్ షోల్డర్. మీ నాన్నగారిది ఏ గుంపో ముందు తేలాలి. సుగరు ఉన్నవాళ్లకి ఫ్రోజెన్ షోల్డర్ ఎక్కువగా వస్తుంది, మొండిగా కూడా ఉంటుంది. పడటం ఒక సాకు మాత్రమే అయ్యుండొచ్చు. ఎక్స్‌రేలో ఎముక విరగకపోయినా భుజం లోపలి కండర తాడు తెగి ఉండొచ్చు, అది ఎక్స్‌రేలో కనపడదు. స్కాన్ అడగండి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తే కొన్నాళ్లు సుగరు పెరుగుతుంది, అదీ ముందే చెప్పండి.

జూన్ 14 అన్న తేదీ భుజానికి తెలియదు. వల లాగే పనికి వెంటనే పంపొద్దు.

హార్బర్_కుర్రోడు
ఆయనకి ఎవులు సెప్తారు... సరే అన్నా, స్కాన్ తీయిస్తాను.

ఆటోనగర్_శ్రీను
నా డాక్టర్ గారు స్ప్లింటు (చేతికి కట్టి కీలుని సాగదీసే పరికరం) అంటున్నారు. స్ప్రింగు ఉన్నదా, మర తిప్పి కొంచెం కొంచెంగా బిగించేదా అని సందేహం. మెకానిక్‌గా నాకు మర తిప్పేదే నచ్చింది.

మధురవాడ_ఫిజియో
స్ప్రింగుది డైనమిక్, మరది స్టాటిక్ ప్రొగ్రెసివ్. రెంటినీ నేరుగా పోల్చిన ట్రయల్ ఉంది, 2012, 66 మంది, దెబ్బ తర్వాత బిగిసిన మోచేతులే. చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏది పెట్టుకుని ఉండగలరో అదే వాడండి. వేసినప్పుడు సాగుతున్నట్టు ఉండాలి, నిద్ర పట్టనంత నొప్పి ఉండకూడదు. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కితే వెంటనే వదులు చేసి డాక్టర్‌కి చెప్పండి. మోచేతి వెనక అల్నార్ నరం అక్కడే పోతుంది. మడత పోయిన చెయ్యి ఒక్కసారిగా మడిస్తే ఆ నరం లాగబడుతుంది.

ఎముకల_పీజీ
ఆ తిమ్మిరి మాట ముఖ్యం. ఆపరేషన్ చేసి క్యాప్సూల్ కోసే సందర్భంలోనూ సర్జన్ ఈ నరం గురించే ఎక్కువ ఆలోచిస్తారు. మడత బాగా తక్కువ ఉన్నవాళ్లకి నరాన్ని కూడా విడిపించాలా వద్దా అని. మత్తిచ్చి వంచడం మోచేతికి అంత తేలిక కాదు, ఎముక విరగొచ్చు, నరం దెబ్బతినొచ్చు. మోకాలికి మొదటి నెలల్లో అయితే ఎక్కువ వాడతారు.

ఆపరేషన్ ఎప్పుడన్నది కూడా మారింది. కొత్త ఎముక ఉంటే ఏడాది, ఏడాదిన్నర ఆగమనేవాళ్లు పూర్వం. ఇప్పుడు ఎక్స్‌రేలో దాని అంచు స్పష్టంగా గీతలా కనపడి, వాపు తగ్గితే ఆరు నెలలకే, కొందరు అంతకంటే ముందే తీస్తున్నారు. మామూలు క్యాప్సూల్ బిగువుకి ముందు కొన్ని నెలలు వ్యాయామం, స్ప్లింటు చూసి, గ్రాఫు నిజంగా ఆగిపోయాకే ఆలోచిస్తారు. రెండు వారాలకోసారి కొలిచే మీ అంకెలు అప్పుడు పనికొస్తాయి.

ఎంవీపీ_లలిత
ఒక్కటి అడగొచ్చా. నొప్పి మంటలా ఉండి, చెయ్యి రంగు మారి, చెమట పడుతుంటే? మా పక్కింటావిడకి మణికట్టు విరిగాక అలా ఉంది. వేళ్లు కూడా ముడవట్లేదు.

మధురవాడ_ఫిజియో
లలిత గారూ, అది వట్టి బిగువులా లేదు. సీఆర్‌పీఎస్ అనే నొప్పి జబ్బు కావచ్చు. ఆలస్యం చెయ్యకుండా ఈ వారమే చూపించమనండి. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నారేమో అడగండి, ఆ సంగతి డాక్టర్‌కి చెప్పమనండి. బలవంతంగా ఎవరూ వేళ్లు వంచకూడదు.

ఎంవీపీ_లలిత
దుప్పటి కాదు, ఫ్యాను గాలి తగిలినా అంటోంది. రేపే తీసుకెళ్తాను.

ఆటోనగర్_శ్రీను
గురువారం అపాయింట్‌మెంట్. మీరంతా చెప్పినవి కలిపి ఇలా రాసుకున్నాను, చూడండి: కొత్త ఎముక ఏమైనా ఉందా, ఉంటే ముదిరిందా? స్క్రూ గానీ ఎముక ముక్క గానీ మడతకి అడ్డం తగులుతోందా, సీటీ కావాలా? క్యాప్సూల్ ఒక్కటే అయితే ఇంకెన్నాళ్లు స్ప్లింటుతో చూద్దాం, ఏ అంకె దగ్గర ఆగిపోయిందని ఒప్పుకుందాం? నాకు కావలసింది 130 మడత, చెయ్యి నిటారుగా రాకపోయినా పర్లేదు అని ముందే చెప్పేస్తాను. నరం సంగతి కూడా అడుగుతాను, ఎందుకంటే స్ప్లింటు లేకుండానే చిటికెన వేలు అప్పుడప్పుడు జివ్వుమంటోంది.

ఎముకల_పీజీ
చివరి వాక్యం మొదట అడగండి. గురువారం దాకా చెంచాతోనే తినండి, నరం మీద ప్రయోగాలు వద్దు. మొదటి రోజు ఎక్స్‌రే, ఆపరేషన్ తర్వాతది, రెండు నెలల నాటిది, అన్నీ పట్టుకెళ్లండి. చాలామంది ఆఖరిదొక్కటే తెస్తారు, దాంతో ఏది పాతది, ఏది కొత్తగా పుట్టింది చెప్పలేం.

హార్బర్_కుర్రోడు
అన్నా ఆ 'ఏ అంకె దగ్గర ఆగిపోయిందని ఒప్పుకుందాం' అన్నది మా అయ్య భుజానికి కూడా అడగొచ్చా?

మధురవాడ_ఫిజియో
అడగొచ్చు, కానీ భుజం కాలం లెక్క వేరు, సుగరు ఉంటే ఇంకా వేరు. స్కాన్ వచ్చాక విడిగా థ్రెడ్ తెరువు బాబూ, చెయ్యి పక్కకి ఎంత లేస్తోందో, వీపు వెనక ఏ ఎత్తు దాకా వెళ్తోందో కొలిచి రాయి.